గ్రీకు అక్షరాల ఇళ్ళు, మన అలుమ్నై సంఘాలు

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్ళలో ఫ్రాటర్నిటీ (గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే కాలేజీ విద్యార్థుల సంఘం) అన్న మాట వినపడితే చాలు, తల్లిదండ్రుల గుండె గుభేలుమంటుంది. తాగుడు, అర్ధరాత్రి పార్టీలు, కొత్తగా చేరిన పిల్లల్ని ఏడిపించడం, అప్పుడప్పుడు వార్తల్లో వచ్చే చావులు, ఇవే కళ్ళ ముందు కదులుతాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు. కానీ వైద్య విద్యార్థులు పెట్టుకున్న మెడికల్ ఫ్రాటర్నిటీల కథ వేరు, దాని వెనక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలుసుకోకుండా మనవాళ్ళు ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు నచ్చదు. అలాగని "రెజ్యూమెలో రాసుకోవచ్చు కదా, చేరిపో" అని పిల్లల్ని తోసేయడం అంతకన్నా నచ్చదు.

ఈ మధ్య మా అక్క కూతురు టెక్సస్ నుంచి ఫోన్ చేసింది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది, మెడిసిన్‌కి వెళ్ళాలని పట్టుదల. "పిన్నీ, ఫై డెల్టా ఎప్సిలాన్ వాళ్ళు బిడ్ ఇచ్చారు, అమ్మేమో వద్దంటోంది, నువ్వు చెబితే వింటుంది" అంది. ఫై డెల్టా ఎప్సిలాన్ అలాంటి మెడికల్ ఫ్రాటర్నిటీయే, బిడ్ అంటే మాలో చేరమని ఇచ్చే పిలుపు. అక్కకి ఫోన్ చేస్తే, "నువ్వు కూడా దాన్ని ఎగదొయ్యకే, చదువుకోడానికి పంపామా గుంపుల్లో తిరగడానికి పంపామా" అని నా మీద విరుచుకుపడింది. ఆ ఇద్దరికీ ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాద్దామని కూర్చున్నాను.

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. ఈ సంఘాలు ఎవరూ లేనివాళ్ళకి తోడు నిలిచినప్పుడల్లా మంచి డాక్టర్లని తయారుచేశాయి, అప్పటికే అన్నీ ఉన్నవాళ్ళ చేతిలో పడినప్పుడల్లా పదవులు పంచుకునే ముఠాలయ్యాయి. చాలాసార్లు ఒకే సంఘం ఈ రెండు పనులూ చేసింది. ఇండియాలో ఎంబీబీఎస్ చదివి ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మనం, మన అలుమ్నై (పూర్వ విద్యార్థుల) సంఘాలతో సహా, ఇప్పుడు సరిగ్గా ఆ మలుపులోనే ఉన్నాం.

మొట్టమొదటి కథే చూడండి. 1819 ప్రాంతంలో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో, ట్రాన్సిల్వేనియా యూనివర్సిటీలో, శామ్యూల్ బ్రౌన్ అనే ప్రొఫెసర్ కప్పా లాంబ్డా అని ఒక రహస్య సంఘం పెట్టాడు. ఆయన సామాన్యుడేం కాదు, అమెరికాలో మశూచికి కౌపాక్స్ టీకాలు వేసిన తొలితరం డాక్టర్లలో ఒకడు. ఆ రోజుల్లో డాక్టర్లు ఒకరినొకరు పత్రికల్లోనే తిట్టుకునేవారు, కరపత్రాలు అచ్చువేసుకునేవారు. అదే కాలేజీలో 1818లో డడ్లీ, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఏకంగా పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధానికి దిగారు. గుండు తగిలి రిచర్డ్‌సన్‌కి రక్తం ధారకట్టి పోతుంటే, కాల్చిన డడ్లీయే బొటనవేలితో రక్తనాళాన్ని అదిమిపట్టి బతికించాడని చెబుతారు. ఇలాంటి చోట "మనం ఒకరి పరువు ఒకరు తీసుకోం, రోగిని అడ్డం పెట్టుకుని పోట్లాడుకోం" అని ప్రమాణం చేసే మనుషులు కొందరు కావాలనుకున్నాడు బ్రౌన్. ఫిలడెల్ఫియా శాఖ 1826 నుంచి కొన్నేళ్ళు మంచి వైద్య పత్రిక నడిపింది. 1847లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన నీతి నియమావళి తయారుచేసుకున్నప్పుడు, దాన్ని రాసినవాళ్ళలో ఈ సంఘం మనుషులున్నారు.

న్యూయార్క్ శాఖ మాత్రం ఇంకో దారి పట్టింది. సభ్యులెవరో బయటికి తెలియదు, కానీ ఆసుపత్రి పదవులన్నీ చుట్టూ తిరిగి వాళ్ళకే వస్తున్నాయని 1830లలో ఊళ్ళో మిగతా డాక్టర్లంతా ఎదురుతిరిగారు. పేర్లు బయటపడ్డాయి, పరువు పోయింది, సంఘం మెల్లగా చచ్చిపోయింది. ప్రమాణం అదే, గుర్తులు అవే. అధికారం ఉన్న ఊళ్ళో రహస్యం పెట్టుకుంటే ఏమవుతుందో అదే అయింది.

మనం ఇప్పుడు మెడికల్ ఫ్రాటర్నిటీ అని పిలిచే రూపం వచ్చింది 1880లలో. అప్పటి అమెరికా మెడికల్ కాలేజీల పరిస్థితి మనం ఊహించలేం. చాలావాటికి యజమానులు పాఠాలు చెప్పే డాక్టర్లే. విద్యార్థి ఒక్కో ప్రొఫెసర్ దగ్గర లెక్చర్ టికెట్ కొనుక్కుని వెళ్ళి కూర్చోవాలి. హాస్టల్ లేదు, మెస్ లేదు, ఊళ్ళో ఏ విధవరాలో నడిపే పూటకూళ్ళ ఇంట్లో ఓ గది తీసుకుని ఉండాలి, ఒంటి మీద శవాల గది వాసన వస్తోందని అక్కడా సణుగుడే. 1882లో మిషిగన్ యూనివర్సిటీలో న్యూ సిగ్మా న్యూ పుట్టింది, తర్వాతి కాలంలో మేయో క్లినిక్‌తో ప్రపంచానికి తెలిసిన విలియం మేయో అక్కడి తొలి సభ్యుల్లో ఒకడు. తర్వాత వరసగా డార్ట్‌మత్‌లో ఆల్ఫా కప్పా కప్పా 1888లో, వెర్మాంట్‌లో ఫై కై 1889లో, షికాగోలో ఫై రో సిగ్మా 1890లో, ఇంకా చాలా వచ్చాయి. మొదట గుర్తులు, రహస్య మంత్రాలు, బ్యాడ్జీలు. డబ్బు పోగయ్యాక ఆసుపత్రికి దగ్గర్లో ఇల్లు. నా దృష్టిలో అసలు విషయం ఆ ఇల్లే. వేళకి వేడి అన్నం, పాత ప్రశ్నపత్రాలు, రాత్రి భోజనాలయ్యాక సీనియర్ అడిగే ప్రశ్నలు, ప్రొఫెసర్‌ని ఇంటికి పిలిపించి చెప్పించుకునే పాఠం. ఇంటికి దూరంగా, మొదటిసారి మనిషి చనిపోవడం చూసి వచ్చిన పిల్లాడికి, ఆ రాత్రి పక్కన కూర్చునే మనిషి దొరికేది అక్కడే.

ఇంతవరకూ బాగుంది. కానీ ఆ కాలపు ఫోటోలు చూసినవాళ్ళెవరూ ఇక్కడితో ఆగలేరు. 1880ల నుంచి 1930లదాకా అమెరికా వైద్య విద్యార్థుల్లో ఒక ఆచారం ఉండేది: కోస్తున్న శవం చుట్టూ చేరి గ్రూప్ ఫోటో దిగడం. బల్ల అంచు మీద సుద్దతో ఏదో ఒక వెటకారం రాసేవారు. కొందరు ఆ ఫోటోల్ని పోస్టుకార్డులుగా వేయించి ఇంటికి కూడా పంపారు. నిలబడ్డవాళ్ళు దాదాపు అందరూ తెల్ల కుర్రాళ్ళు, బల్ల మీద ఉన్నది చాలాసార్లు నల్లవాళ్ళ శరీరం, లేదంటే దిక్కులేని పేదవాళ్ళది. జార్జియాలోని ఆగస్టా మెడికల్ కాలేజీ వాళ్ళయితే 1852లో గ్రాండిసన్ హ్యారిస్ అనే బానిసని కొన్నారు, శ్మశానం నుంచి శవాలు తవ్వి తేవడానికి. ఎవరు పోయారో, ఎక్కడ పాతిపెట్టారో పేపర్లో చూసుకోవడానికి అతనికి చదవడం నేర్పారు. 1989లో ఆ పాత భవనాన్ని బాగుచేస్తుంటే నేలమాళిగలో వేల ఎముకలు బయటపడ్డాయి, వాటిలో ఎక్కువ భాగం నల్లవాళ్ళవే.

ఇది అమెరికావాళ్ళ పాపం అని మనం పక్కకి తప్పుకోలేం. ఇక్కడి కాలేజీల్లో వేలాడిన అస్థిపంజరాల్లో చాలా భాగం మన దేశం నుంచి వచ్చినవే. 1985లో మన ప్రభుత్వం ఎగుమతి నిషేధించేదాకా కలకత్తా నుంచి ఆ వ్యాపారం జోరుగా సాగింది. ఇంకా దగ్గరికి వస్తే, మన ఫస్టియర్లో బోన్ సెట్, అనాటమీ చదవడానికి వాడే ఆ నిజం ఎముకల మూట, గుర్తుందా? నాది మా సీనియర్ అక్క ఇచ్చింది. గోనెసంచిలో మూటగట్టి, మంచం కింద పెట్టుకో అని చెప్పి ఇచ్చింది. ఫీమర్ (తొడ ఎముక) నల్లబడి, చేతులు తగిలి తగిలి నున్నగా ఉండేది. కండరం ఎక్కడ పుడుతుందో ఎర్ర రంగుతో, ఎక్కడ అతుక్కుంటుందో నీలం రంగుతో ఎన్నో బ్యాచ్‌లవాళ్ళు ఒకరి మీద ఒకరు గీసిన గీతలు. తల దగ్గర ఎవరో పొడి అక్షరాలు కూడా చెక్కుకున్నారు. దాని మీదే నేను అనాటమీ నేర్చుకున్నాను, వైవాలో గట్టెక్కాను. అది ఎవరి కాలు అని మాలో ఎవ్వరం అడిగినట్టు నాకు గుర్తులేదు. ఇప్పుడు మన కాలేజీల్లో మొదటిరోజు శవం ముందు నిలబడి ప్రమాణం చేయిస్తున్నారు, దేహదానం చేసినవాళ్ళ కుటుంబాన్ని పిలిచి దండం పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. సంప్రదాయం అంటే నాకు ఇలాంటిది కావాలి.

సంప్రదాయం పేరుతో వెనకేసుకు రాకూడనిది ర్యాగింగ్. ఇక్కడ హేజింగ్ అంటారు, పని అదే. నేను చదివిన కాలేజీలో తలకి నూనె, రెండు జడలు, నేల చూస్తూ నడవడం, రాత్రి పదకొండుకి సీనియర్ల గదిలో హాజరు. నా రూమ్మేట్ ఒకమ్మాయి తట్టుకోలేక ఇంటికి వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. అయినా ఇప్పటికీ పెద్ద డాక్టర్లు కొందరు స్టేజీ ఎక్కి "అప్పట్లో ర్యాగింగ్ ఉండబట్టే మా బ్యాచ్ ఇంత గట్టిగా ఉంది" అంటుంటారు. నేనైతే ఒప్పుకోను. మాకు బోన్ సెట్ ఇచ్చిన అక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మమ్మల్ని ఏడిపించినవాళ్ళెవరూ పరీక్షల ముందు గది తలుపు తట్టి "తిన్నావా" అని అడగలేదు. బ్యాచ్‌ని నిలబెట్టింది ఆ అక్కలాంటివాళ్ళు, పేరు కొట్టేసింది మిగతావాళ్ళు.

ఇక తలుపు బయట నిలబడ్డవాళ్ళ సంగతికొద్దాం, ఈ చరిత్రలో నాకు ప్రాణం అదే. మిషిగన్ మెడికల్ కాలేజీ 1870లోనే ఆడపిల్లల్ని చేర్చుకుంది గానీ న్యూ సిగ్మా న్యూ ఇంట్లో వాళ్ళకి చోటు లేదు. 1890లో వాళ్ళే అదే కాలేజీలో ఆల్ఫా ఎప్సిలాన్ అయోటా పెట్టుకున్నారు. యూదు విద్యార్థుల్ని ఏ ఇల్లూ రానివ్వలేదు. 1904లో న్యూయార్క్ కార్నెల్ మెడికల్ కాలేజీలో ఆరన్ బ్రౌన్ అనే విద్యార్థి, అతని స్నేహితులు కొందరు కలిసి ఫై డెల్టా ఎప్సిలాన్ పెట్టారు. మూడేళ్ళకి పెన్సిల్వేనియాలో ఫై లాంబ్డా కప్పా వచ్చింది. 1913లో నల్లజాతి విద్యార్థులు చదివే హోవర్డ్ యూనివర్సిటీలో కై డెల్టా మ్యూ వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో పేరున్న మెడికల్ కాలేజీలు చాలావాటిలో యూదులకి ఇన్ని సీట్లే అని లోపాయికారీ కోటాలు నడిచాయి. సీటు దొరికినా ఇంటర్న్‌షిప్ దగ్గర మళ్ళీ అడ్డం, ఎందుకంటే ఆసుపత్రిలో చీఫ్ తన ఫ్రాటర్నిటీ కుర్రాడిని తీసుకుంటాడు. అలాంటప్పుడు ఫై డెల్టా ఎప్సిలాన్ సభ్యత్వం అంటే, న్యూయార్క్‌లో నీ దరఖాస్తు చదివే మనిషి కనీసం ఒకడు ఉన్నాడని అర్థం.

వీళ్ళు కూడా అవే గ్రీకు అక్షరాలు, అవే బ్యాడ్జీలు, అవే ప్రమాణాలు పెట్టుకున్నారు కదా, తేడా ఏముంది అని మా అక్క అడిగింది. తేడా ఉంది. బయటికి గెంటేసినవాడు గుడిసె వేసుకోవడం, గెంటినవాడు గోడ కట్టుకోవడం ఒకటి కాదు. ఇంకో తేడా కూడా ఉంది, ఇవాళ చూస్తే కనపడేది. పాత పెద్ద ఇళ్ళలో ఎక్కువ భాగం 1960లు, 70లలో మూతపడ్డాయి, లేదా చిక్కిపోయాయి. రెసిడెంట్లకి (డిగ్రీ అయ్యాక ఆసుపత్రిలో శిక్షణ పొందే డాక్టర్లకి) జీతాలొచ్చాయి, కాలేజీలు హాస్టళ్ళు కట్టాయి, పెళ్ళయినవాళ్ళు వేరే కాపురాలు పెట్టారు, ఆడామగా తేడా కూడదని 1972 చట్టం వచ్చింది. సరదా ఫ్రాటర్నిటీలకి అందులో మినహాయింపు దొరికింది గానీ వృత్తి ఫ్రాటర్నిటీలకి దొరకలేదు. అవసరం తీరిపోయాక గుర్తులు ఎంతకాలం నిలబడతాయి? యూదు కుర్రాళ్ళు పెట్టుకున్న ఫై డెల్టా ఎప్సిలాన్ మాత్రం అందరికీ తలుపులు తీసి, మెడికల్ కాలేజీకి ముందు డిగ్రీ చదివే పిల్లల్లోకి పాకి, ఇప్పుడు దేశమంతా ఉంది. వాళ్ళ అనాటమీ ఫ్యాషన్ షో ఒకటి చూశాను. పిల్లలు ఒంటి మీద గుండె, ఊపిరితిత్తులు, కాలి కండరాలు రంగులతో వేయించుకుని నడుస్తారు, ఆ అవయవానికి జబ్బు చేసిన చిన్నపిల్ల కథ పక్కన చదువుతారు, వచ్చిన డబ్బు పిల్లల ఆసుపత్రులకి ఇస్తారు. బల్ల మీద నల్లవాడి శవాన్ని పెట్టి ఫోటో దిగిన రోజుల నుంచి ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు. ఆ రోజు వరసలో నడిచిన పిల్లల్లో మన పేర్లవాళ్ళు చాలామందే ఉన్నారు.

తలుపు తీసినంత మాత్రాన అయిపోదని చెప్పడానికి ఆల్ఫా ఒమేగా ఆల్ఫా ఉంది. 1902లో షికాగోలో విలియం రూట్ అనే విద్యార్థి పెట్టాడు. తోటివాళ్ళ కాపీలు, తాగుడు, శవాల గదిలో వెకిలితనం చూసి విసిగి, చదువూ నడతా మాత్రమే చూసే సంఘం కావాలన్నాడు. మతం, రంగు, ఆడామగా అడ్డు పెట్టలేదు. రక్త నిల్వల మీద గొప్ప పనిచేసిన నల్లజాతి డాక్టర్ చార్ల్స్ డ్రూ మెక్‌గిల్‌లో చదివేటప్పుడు అందులో సభ్యుడు. నిజంగా గొప్ప ఆశయం. అయితే 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కేసి చూస్తే, మార్కులూ మిగతావీ అన్నీ సరిచూసుకున్నాక కూడా, ఆ సభ్యత్వం దక్కే అవకాశం నల్ల విద్యార్థులతో పోలిస్తే తెల్ల విద్యార్థులకి దాదాపు ఆరు రెట్లు, మన ఆసియావాళ్ళతో పోలిస్తే దాదాపు రెండు రెట్లు ఉందని తేలింది. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ మెడికల్ కాలేజీ మరుసటి ఏడాదే విద్యార్థుల ఎంపిక ఆపేసింది. నియమావళిలో ఎక్కడా ఒక్క చెడ్డ మాట లేదు. ఎవరిని చూస్తే "మనవాడిలా ఉన్నాడు" అనిపిస్తుందో, అక్కడ జరిగింది అంతా.

ఇక మన గురించి. 1923లో యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో చదువుకోడానికి బోస్టన్ చేరి, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేశారు. పలకరించే సీనియర్ లేడు, ఒక పూట భోజనం పెట్టే తెలుగు ఇల్లు లేదు. 1965లో వలస చట్టం మారాకే మనవాళ్ళు వందల్లో, తర్వాత వేలల్లో వచ్చారు. వస్తే విదేశీ డిగ్రీ అని చిన్నచూపు, మంచి రెసిడెన్సీలు దొరకవు. 1982లో భారతీయ డాక్టర్ల జాతీయ సంఘం ఆపీ అందుకే పుట్టింది. గుంటూరువాళ్ళ జింకానా, కాకినాడ రంగరాయవాళ్ళ సంఘం, ఉస్మానియా, గాంధీ, కాకతీయ, ఆంధ్ర మెడికల్ కాలేజీలవాళ్ళ సంఘాలు, అన్నీ నాకు ఆ 1904 కుర్రాళ్ళకి చుట్టాలుగానే కనపడతాయి. మాతృ కళాశాలల ఆసుపత్రులకి వాళ్ళు కట్టించిన వార్డులు, కొనిచ్చిన పరికరాలు కళ్ళముందే ఉన్నాయి.

రెసిడెన్సీ ఇంటర్వ్యూలకి తిరిగే చలికాలంలో నన్ను మిషిగన్‌లో ఒక సీనియర్ దంపతులు వాళ్ళ ఇంట్లో పెట్టుకున్నారు. అంతకుముందు నేను వాళ్ళని చూడనైనా లేదు. మేడం గారు నా సెకండ్‌హ్యాండ్ కోటు చేతులు పొడవున్నాయని రాత్రికి రాత్రి మడిచి కుట్టారు. సార్ అన్నం తింటూనే "నిన్నే ఎందుకు తీసుకోవాలి" అని ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగారు, నా జవాబులో "ఐ యామ్ హార్డ్‌వర్కింగ్" అనే ముక్క పోయేదాకా. మ్యాచ్ అయ్యాక, అంటే రెసిడెన్సీ సీటు దొరికాక, థాంక్స్ చెబితే, "నాకు చెప్పకు, వచ్చే ఏడాది ఇంకొకళ్ళకి గది ఇవ్వు" అన్నారు. ఏ ఫ్రాటర్నిటీకైనా ఇంతకన్నా మంచి ప్రమాణం ఉంటుందా?

అందుకే ఇప్పుడు జరుగుతున్నది చూస్తే బాధగా ఉంటుంది. నేను ఏ ఒక్క సంఘాన్నీ వేలెత్తి చూపడం లేదు, మనందరి సంగతి ఇది. అబ్జర్వర్‌షిప్‌లు (ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు పక్కన ఉండి పని చూసే అవకాశాలు) ఎవరికి దొరుకుతున్నాయి? రెసిడెన్సీ నడిపే ప్రోగ్రామ్ డైరెక్టర్‌కి ఫోన్ ఎవరి కోసం వెళ్తోంది? వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టగానే "ఏ ఊరు, ఎవరి తాలూకు" అని వచ్చే ప్రశ్నలో అసలు అడుగుతున్నది కులం అని మనకందరికీ తెలుసు, అడిగించుకున్న పిల్లకి ఇంకా బాగా తెలుసు. ఒక దళిత అమ్మాయి, మంచి స్కోరుతో, నాకు మెయిల్ రాసింది: "మేడం, మా కాలేజీ సీనియర్లు ఆ స్టేట్‌లో చాలామంది ఉన్నారు, కానీ నన్ను ఎవరూ గుర్తుపట్టరు." ఈ దేశంలో రెసిడెన్సీలోకి వచ్చే డాక్టర్లలో దాదాపు పావు వంతు బయట దేశాల్లో చదివినవాళ్ళే, మనం ఇంక అంచున నిలబడ్డ అనాథలం కాదు. చీఫ్‌లం, డైరెక్టర్లం, సెలక్షన్ కమిటీల్లో ఉన్నాం. న్యూయార్క్ కప్పా లాంబ్డా కూడా సరిగ్గా ఈ స్థితిలోనే చెడింది.

అక్కకి చెప్పింది ఇదే: చేరనివ్వు. మీ అమ్మాయికి ఆ ఊళ్ళో దారి చూపే డాక్టరు ఎవరూ లేరు, అక్కడ సీనియర్లు మెడికల్ కాలేజీ ప్రవేశపరీక్ష ఎంక్యాట్ గురించి, ఇంటర్వ్యూల గురించి కూర్చోబెట్టి చెబుతారు. తాగమన్నా, ఎవరి ముందైనా తల దించమన్నా ఆ రోజే బయటికి వచ్చెయ్యమను. పిల్లకి ఇంకో మాట కూడా చెప్పాను, బిడ్ రాని వాళ్ళ పేర్లు కూడా ఒకసారి అడిగి చూడమని. నెల తర్వాత ఫోన్ చేసి, "పిన్నీ, అడిగాను, చందా కట్టలేక కొందరు రాలేదట, దానికి ఏదో చెయ్యాలని మీటింగులో పెట్టాం" అంది. అక్క ఇంకా సణుగుతోంది గానీ చందా మాత్రం కట్టింది.

మన అలుమ్నై సంఘంలో నేను అడుగుతున్నది కూడా పెద్దదేం కాదు. అబ్జర్వర్‌షిప్ ఇవ్వగలిగిన సభ్యులందరి జాబితా వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టాలి. దరఖాస్తు ఫారంలో ఇంటిపేరు, సొంత ఊరు, ఎవరు పంపారు అన్న గళ్ళు తీసేయాలి, స్కోరూ, చదివిన ఏడాదీ, కావలసిన సాయమూ ఉంటే చాలు. మన కాలేజీ కాకపోయినా, మన భాష కాకపోయినా, దగ్గర్లో ఎవరూ లేని విదేశీ గ్రాడ్యుయేట్‌కి ఇంటర్వ్యూ సీజన్లో గది ఇచ్చేవాళ్ళ పేర్లు వేరేగా తీసుకోవాలి, మొదటి పేరు నాది రాసుకోండి. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టమని సెక్రటరీకి రాశాను. ప్రతిపాదన బలపరచడానికి ఇంకొకరి సంతకం కావాలన్నారు. మీలో ఎవరైనా సరే, అజెండా ఖరారయ్యేలోపు ఆయనకి ఒక్క లైను పంపండి.